సీతాకోకచిలుకల ఇల్లు

బాల్కొండలో ఒక ఇల్లు. ఇంటి వెనక చిన్న పెరడు. పెరట్లో ఒక కల్యామాకు చెట్టు. పుస్తకాల్లో దీన్నే కరివేపాకు అని రాస్తారు. దాని పక్కన ఒక నిమ్మ చెట్టు, నాలుగు బంతి మొక్కలు. గోడ అవతల జిల్లేడు.

ఆ ఇంట్లో అత్త, కోడలు ఉన్నారు. ఇద్దరికీ చేతి నిండా పని. పసుపు చేను ఉంది. చేను పని లేని రోజు బీడీలు చుడతారు. కోడలు పదో తరగతి దాకా చదివింది. అత్త చిన్నప్పుడు బడికి పోలేదు. ఈ మధ్యనే చదువుల కేంద్రానికి పోయి అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. సంఘం పుస్తకంలో వేలిముద్ర మాని సంతకం పెడుతుంది.

ఏటా వానాకాలంలో కల్యామాకు చెట్టు చిగురు వేస్తుంది. చిగురుతో పాటే పురుగు వస్తుంది. రెబ్బ వెంట రెబ్బ తినేస్తుంది. అత్తకు కోపం వస్తుంది.

"చారుల ఏస్తందుకు ఒక్క రెబ్బ ఉంచకపాయె. వీటి పని చెప్తా" అంటుంది.

చేనుకు తెచ్చిన మందు డబ్బాలో అడుగున కొంచెం మిగిలి ఉంటుంది. అత్త దాన్ని నీళ్లలో కలిపి చెట్టు మీద చల్లుతుంది. పురుగులు రాలిపోతాయి. నాలుగు రోజులకు అదే చెట్టు రెబ్బ తెంపి చారులో వేస్తారు. ఐదేళ్ల మనుమరాలు ఆ చారుతోనే అన్నం తింటుంది.

'ఊళ్లో అందరూ చేసేదే కదా, ఇందులో తప్పేముంది' అని అత్త అనుకునేది. ఆ ఆలోచన ఎట్లా మారిందో ఈ పాఠంలో చదువుదాం.

బెంగళూరు ప్రయాణం

అత్త బిడ్డ బెంగళూరులో కాపురం ఉంటుంది. ఒకసారి అత్త, కోడలు, మనుమరాలు ముగ్గురూ ఆమె ఇంటికి బయలుదేరారు.

బాల్కొండ దగ్గర నుంచి పోయే పెద్ద రోడ్డు 44వ నంబరు జాతీయ రహదారి. ఇది కాశ్మీరులోని శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోతుంది. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా ఇదే రోడ్డు బెంగళూరు చేరుతుంది. మన ఊరి పక్క రోడ్డు పట్టుకొని పోతే ఏడు వందల కిలోమీటర్లకు పైన ప్రయాణం. దారి పొడవునా అత్త బోర్డులు చదువుతూనే ఉంది. కర్నాటకలో అడుగుపెట్టగానే అక్షరాలు కొంచెం మారాయి.

మరునాడు బిడ్డ వాళ్లను బన్నేరుఘట్టకు తీసుకుపోయింది. అది బెంగళూరుకు దక్షిణాన ఉంది. అక్కడ పెద్ద అడవి, జంతువుల పార్కు ఉన్నాయి. 2006లో అక్కడ సీతాకోకచిలుకల పార్కును తెరిచారు. మన దేశంలో ఇలాంటి పార్కు అదే మొదటిది. ఏడున్నర ఎకరాల జాగాలో ఉంది.

గేటు దగ్గర కన్నడంలో బోర్డు ఉంది. అత్త ఆగింది. ఒక్కొక్క అక్షరం మీద వేలు చూపుతూ కూడబలుక్కుంది.

"చి... ట్టె. చిట్టె అంటె ఏందే?"

బిడ్డ ఆశ్చర్యపోయింది. "అవ్వా! నువ్వు కన్నడం చదివినవే! ఈడ సీతాకోకచిలుకను చిట్టె అంటరు" అంది.

ఇందులో వింత లేదు. తెలుగు లిపి, కన్నడ లిపి అక్కచెల్లెళ్ల వంటివి. రెండూ ఒకే పాత లిపి నుంచి పుట్టాయి. చాలా అక్షరాలకు పోలిక ఉంది. ఒక భాష చదవడం వచ్చిన వారు రెండో దాన్ని కొంత గుర్తుపట్టగలరు. అత్తకు అది తెలియదు. తెలిసినాక ఆమె నడక మారింది. లోపల కనిపించిన ప్రతి బోర్డు దగ్గరా ఆగింది.

ఇల్లు ఎట్లా ఉంది?

పార్కులో సీతాకోకల కోసం గుండ్రంగా ఒక పెద్ద ఇల్లు కట్టారు. పైకప్పు పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ రేకులతో చేసింది. ఎండ వెలుతురు దాని గుండా లోపలికి వస్తుంది. లోపల చెట్లు, తీగలు, పూల మొక్కలు. చిన్న జలపాతం కూడా ఉంది.

లోపల అడుగు పెట్టగానే గాలి వెచ్చగా, తేమగా తగిలింది. వాన వెలిసినాక చేనులోకి పోయినట్టు ఉంది.

ఎందుకు ఇట్లా కట్టారు? సీతాకోకకు మన లాగ ఒంట్లో వేడి నిలవదు. ఒళ్లు వెచ్చబడితేనే అది ఎగరగలదు. అందుకే పొద్దున్నే రెక్కలు చాపి ఎండ కాగుతుంది. మబ్బు పడితే ఆకు కింద కూర్చుంటుంది. కాబట్టి దానికి వెలుతురు కావాలి, వెచ్చదనం కావాలి. గాలిలో తేమ కావాలి. తాగడానికి పూల తేనె కావాలి. ఈ నాలుగూ కుదిరితేనే సీతాకోక ఇంట్లో బతుకుతుంది.

ఇలాంటి ఇళ్లకు చాలా చోట్ల రెండు తలుపులు పెడతారు. ఒకటి మూసినాకనే రెండోది తీస్తారు. సీతాకోక బయటికి పోకుండా ఈ ఏర్పాటు. బయటికి వచ్చే ముందు మన చీర కొంగు, జడ, సంచి చూసుకోవాలి. ఒక్కోసారి అది మన మీద వాలి మనతోనే వచ్చేస్తుంది.

ఇట్లా జనం చూడడానికి సీతాకోకల ఇల్లు పెట్టడం ఇంగ్లండు దగ్గర గర్న్‌సీ అనే చిన్న దీవిలో మొదలైంది. అక్కడ టమాటాలు పండించడానికి అద్దాల ఇళ్లు ఉండేవి. 1970 తరువాతి పదేళ్లలో, వాడకుండా ఖాళీగా ఉన్న అలాంటి ఒక ఇంట్లో సీతాకోకలను పెంచారు. జనం వచ్చి చూశారు. తరువాత ఆ పద్ధతి చాలా దేశాలకు పాకింది.

పురుగును గుర్తుపట్టిన అత్త

మనుమరాలు అటూ ఇటూ తిరుగుతూ సంబరపడింది. నల్లటి రెక్కల మీద నీలం మచ్చలున్న పెద్ద సీతాకోక ఒకటి పోయింది. నారింజ రంగుది ఒకటి పూవు మీద వాలింది.

"కోక అంటె చీరనే గదా. సీతమ్మ చీర లెక్కనే ఉన్నది" అంది అత్త.

కోడలు ఒక మొక్క దగ్గర ఆగి పిలిచింది.

"అత్తమ్మా, ఇటు రా. ఇది చూడు."

అది నిమ్మ జాతి మొక్క. ఆకు మీద ఒక పచ్చని పురుగు ఉంది. లావుగా, మెత్తగా ఉంది. ఒంటి మీద అడ్డంగా గోధుమ రంగు పట్టీలు ఉన్నాయి. ఆకు అంచు నుంచి కొరుక్కుంటూ పోతోంది.

అత్త వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"గిది మన కల్యామాకు చెట్టు మీది పురుగే గదా!"

"అదే అత్తమ్మా."

"గీ పురుగును పైసలు పెట్టి పెంచుతున్నరా?"

"పురుగును పెంచకుంటె సీతాకోక ఎక్కడికెల్లి వస్తది అత్తమ్మా? ఇదే గదా రేపటి సీతాకోక."

అత్త ఏమీ అనలేదు. గొంగళిపురుగు సీతాకోక అవుతుందని ఆమె చిన్నప్పుడు విన్నదే. కాని తన పెరట్లోని పురుగే ఆ పురుగు అని ఎన్నడూ తోచలేదు. ఇన్నేళ్లు ఎన్ని రాల్చిందో లెక్క లేదు.

నాలుగు దశలు

సీతాకోక బతుకులో నాలుగు దశలు ఉన్నాయి.

ఒకటి, గుడ్డు. తల్లి సీతాకోక లేత ఆకు మీద గుడ్డు పెడుతుంది. గుడ్డు గసగసాల గింజ కన్నా కొంచెం పెద్దగా ఉంటుంది. ఏ ఆకు అంటే ఆ ఆకు మీద పెట్టదు. తన పిల్ల తినగల ఆకునే వెతుక్కుంటుంది. ముందరి కాళ్లతో ఆకును తాకి రుచి చూస్తుంది. అవును, దానికి రుచి కాళ్లకు తెలుస్తుంది.

రెండు, గొంగళిపురుగు. మూడు నాలుగు రోజులకు గుడ్డు పగిలి పురుగు వస్తుంది. దాని పని తినడమే. పెరిగే కొద్దీ తోలు విడుస్తుంది. కల్యామాకు మీది పురుగు చిన్నగా ఉన్నప్పుడు పిట్ట రెట్ట లాగ కనిపిస్తుంది. పిట్టలు అది రెట్టే అనుకొని వదిలేస్తాయి. పెద్దదైనాక ఆకు రంగుకు మారి ఆకులో కలిసిపోతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రని రెండు కొమ్ములు బయటికి చాపుతుంది. ఘాటు వాసన వస్తుంది. అది మనల్ని కరవదు. భయపెడుతుంది, అంతే.

మూడు, ప్యూపా. రెండు మూడు వారాలు తిన్నాక పురుగు తినడం మానుతుంది. ఒక పుల్లకు దారంతో తనను తాను కట్టుకుంటుంది. చివరిసారి తోలు విడుస్తుంది. గట్టి తొడుగు ఏర్పడుతుంది. చూడడానికి ఎండిన ఆకు ముక్క లాగ ఉంటుంది. ఇదే ప్యూపా. లోపల ఒళ్లంతా కొత్తగా తయారవుతుంది.

నాలుగు, సీతాకోకచిలుక. ఒకటి రెండు వారాలకు తొడుగు పగులుతుంది. సీతాకోక బయటికి వస్తుంది. అప్పుడు రెక్కలు తడిసి ముడుచుకొని ఉంటాయి. అది తలకిందులుగా వేలాడి, ఒంట్లోని నీరును రెక్కల్లోకి పంపుతుంది. రెక్కలు మెల్లగా విచ్చుకుంటాయి. అవి ఆరి గట్టిపడేదాకా అది ఎగరలేదు. ఆ సమయంలో మనం ముట్టుకుంటే రెక్క వంకర పోతుంది. ఇక అది బతికినంత కాలం ఎగరదు.

రెక్కలు వచ్చినాక చాలా రకాలు రెండు మూడు వారాలే బతుకుతాయి. అందుకే సీతాకోకల ఇంట్లో ఎప్పుడూ కొత్తవి పుడుతూ ఉండాలి. లేకుంటే నెల తిరిగేసరికి ఇల్లు ఖాళీ అవుతుంది. అంటే సీతాకోకల ఇల్లు నడిచేది పూలతోనే కాదు. పురుగు తినే ఆకులతో నడుస్తుంది.

చలి దేశాల్లో ఆ మొక్కలు అన్నీ పెరగవు. అక్కడి ఇళ్లకు ప్యూపాలు వేరే దేశాల నుంచి విమానాల్లో వస్తాయి. ఆఫ్రికాలో కెన్యా అనే దేశం ఉంది. అక్కడ సముద్రం దగ్గర అరబుకో సొకొకె అనే అడవి ఉంది. ఆ అడవి పక్క ఊళ్ల రైతుల కోసం 1993లో 'కిపెపెయో' అనే పథకం మొదలైంది. వాళ్ల స్వాహిలి భాషలో ఆ మాటకు సీతాకోకచిలుక అని అర్థం. అక్కడి ఆడవాళ్లు, మగవాళ్లు ఇంటి దగ్గర పురుగులను పెంచుతారు. ప్యూపాలను అమ్ముతారు. అడవి ఉంటేనే సీతాకోక, సీతాకోక ఉంటేనే పైసలు. కాబట్టి అడవిని నరకకుండా కాపాడుకోవడంలో వాళ్లకు లాభం ఉంది.

మన దగ్గర మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1972 నాటి వన్యప్రాణుల సంరక్షణ చట్టం చాలా రకాల సీతాకోకలకు రక్షణ ఇస్తుంది. వాటిని పట్టడం, చంపడం, అమ్మడం నేరం. చూడడం, ఫోటో తీయడం ఎవరైనా చేయవచ్చు.

ఫోటో ఎట్లా తీయాలి?

కోడలు చేతిలో ఫోను ఉంది. సీతాకోకను చూడగానే ఉరికింది. అది ఎగిరిపోయింది. మళ్లీ ఉరికింది. మళ్లీ ఎగిరిపోయింది. పది ఫోటోలు తీస్తే పదింటిలో ఆకులే వచ్చాయి.

అత్త నవ్వింది. "కోడిపిల్లను పట్టినట్టు ఉరుకుతె ఎట్ల? పిల్లి నడిచినట్టు నడువు."

ఆ మాట నిజం. సీతాకోక కదలికను, నీడను తొందరగా పసిగడుతుంది. ఫోటో తీసేవారు ఈ సంగతులు తెలుసుకోవాలి.

1. లోపలికి పోగానే ఫోను అద్దం మీద ఆవిరి పట్టవచ్చు. కాసేపు ఆగి మెత్తని గుడ్డతో తుడవండి.

2. ఎగిరే దాని వెంట పడకండి. పూల మొక్క దగ్గర నిలబడి ఎదురు చూడండి. అదే వస్తుంది. తేనె తాగేటప్పుడు కొంతసేపు కదలదు.

3. మెల్లగా దగ్గరికి పోండి. మీ నీడ దాని మీద పడనీయకండి.

4. పై నుంచి కాకుండా, దాని ఎత్తుకు వంగి తీయండి. రెక్క మొత్తం ఫోనుకు ఎదురుగా ఉంటే రంగులన్నీ తేటగా వస్తాయి.

5. ఫోను తెర మీద సీతాకోక ఉన్న చోట వేలితో తాకండి. అప్పుడు దాని బొమ్మ మసక లేకుండా వస్తుంది. మెరుపు లైటు వేయకండి.

6. ఫోటో కోసం దాన్ని పట్టుకోకండి. ముట్టుకుంటే వేలికి రంగు పొడి అంటుతుంది. ఆ పొడి రెక్క మీది సన్నని పొలుసులు. రాలితే మళ్లీ రావు.

7. ఏ మొక్క మీద ఉందో అది కూడా తీయండి. మొక్కను బట్టి సీతాకోక పేరు తెలుసుకోవడం సులువు.

కోడలు ఒక పూల గుబురు పక్కన కదలకుండా నిలబడింది. కొంచెంసేపటికి నారింజ రంగుది వచ్చి వాలింది. కోడలు ఊపిరి బిగబట్టి తీసింది. ఈసారి బొమ్మ చక్కగా వచ్చింది. రెక్క అంచున నలుపు, నలుపులో తెల్ల చుక్కలు, తేనె తాగే సన్నని గొట్టం కూడా కనిపించాయి.

"గిది మన జిల్లేడు మీద కూసుంటది" అంది అత్త.

నిజమే. అది జిల్లేడు ఆకు తిని పెరిగే రకం. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో చేరుతుంది. అందుకే పిట్టలు దాని జోలికి రావు.

మన ఊళ్లో ఏది ఎక్కడ?

బన్నేరుఘట్ట పోకున్నా సీతాకోకలను చూడవచ్చు. మన దేశంలో 1300కు పైగా రకాలు ఉన్నాయి. కొన్ని మన పెరట్లోనే ఉన్నాయి.

కల్యామాకు, నిమ్మ: నలుపు, లేత పసుపు మచ్చల పెద్ద సీతాకోక.
జిల్లేడు: నారింజ రంగుది.
గన్నేరు: ముదురు గోధుమ రంగు, అంచున తెల్ల చుక్కలది. దీని ప్యూపా వెండి లాగ మెరుస్తుంది.
తంగేడు, రేల: లేత పసుపు, తెలుపు రంగువి. బతుకమ్మ పేర్చే తంగేడు ఒక సీతాకోక పిల్లలకు అన్నం కూడా.
ఆముదం: ఇటుక రంగు రెక్కలు, సన్నని నల్ల గీతలది.
పసుపు: ఆకు అంచును మడిచి లోపల దాగే పురుగు. పెద్దయితే గోధుమ, తెలుపు రంగుల చిన్న సీతాకోక.

బోరు కాలువ పక్క తడి మట్టి మీద ఒక్కోసారి సీతాకోకలు గుంపుగా వాలుతాయి. మట్టిలోని ఉప్పు కోసం వస్తాయి.

అన్ని పురుగులనూ వదిలేయాలా?

అత్త బస్సులో ఇదే మాట అడిగింది. "చేన్ల పురుగు పడితె గూడ చూసుకుంట కూసోవాల్నా?"

మంచి ప్రశ్న. జవాబు కూడా సూటిగా ఉండాలి. అన్ని పురుగులూ సీతాకోకలు కావు. పంటను నాశనం చేసే పురుగులు ఎక్కువగా రాత్రి తిరిగే రెక్కల పురుగుల పిల్లలు. మక్కజొన్నను తినే కత్తెర పురుగు అట్లాంటిదే. అది 2018లో మన దేశంలో మొదటిసారి కనిపించింది. పసుపు మొవ్వును తొలిచే పురుగు కూడా అట్లాంటిదే. వాటిని అదుపు చేయక తప్పదు. వ్యవసాయ అధికారిని అడిగి, చెప్పిన మందు చెప్పిన మోతాదులో వాడాలి. పసుపు ఆకు మడిచే పురుగు కొద్దిగా ఉంటే మందు అక్కర లేదు. మడిచిన ఆకులను చేత్తో ఏరేస్తే చాలు.

పెరటి సంగతి వేరు. పెరటి చెట్టు ఆకు మన నోట్లోకి పోతుంది. చేను మందును దాని మీద చల్లకూడదు. ఆకు కడిగినా మందు మొత్తం పోతుందని నమ్మకం లేదు. కొన్ని మందులు ఆకు లోపలికి ఇంకుతాయి. అవి కడిగితే పోవు.

మందు డబ్బా మీద ఒక రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు ఉంటే అన్నిటికన్నా ఎక్కువ విషం. పసుపు ఉంటే ఎక్కువ విషం. నీలం ఉంటే ఒక మాదిరి విషం. ఆకుపచ్చ ఉంటే కొంచెం తక్కువ విషం. ఆకుపచ్చ ఉన్నా అది విషమే. డబ్బాతో ఇచ్చే కాగితంలో ఏ పంటకు వాడాలి, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి అని రాసి ఉంటుంది. చదవడం వచ్చినవాళ్లు అది చదవాలి. రానివాళ్లకు చదివి చెప్పాలి.

ఇంటికి రాగానే అత్త మందు డబ్బా తీసింది. బోర్లించి, తిప్పి, వెతికింది. గుర్తు కనిపించింది. పసుపు రంగు. రంగు పైన చిన్న అక్షరాలు ఉన్నాయి. "విషం" అని కూడబలుక్కుని చదివింది. గదిలో ఆడుకునే మనుమరాలి వైపు చూసింది. డబ్బాను పిల్లకు అందని చోట, తాళం పెట్టె లోపల పెట్టింది.

అత్త రాసిన నోటుబుక్కు

వానలు పడ్డాయి. కల్యామాకు చెట్టు చిగురు వేసింది. ఒక పొద్దున సీతాకోక వచ్చి చెట్టు చుట్టూ తిరిగింది. లేత ఆకు మీద ఒక్క క్షణం ఆగి పోయింది. కోడలు పోయి చూసింది. ఆకు మీద లేత పసుపు రంగు గుడ్డు ఉంది. ఫోటో తీసింది. అత్త నోటుబుక్కు తీసి రాసింది.

1వ రోజు. గుడ్డు.
4వ రోజు. చిన్న పురుగు. పిట్ట రెట్ట లెక్క ఉంది.
9వ రోజు. నిన్న మూడు పురుగులు. ఇయ్యాల రెండే. ఒకటి పిట్ట తిన్నది.
13వ రోజు. పచ్చగ మారింది. ఆకులు బాగ తింటుంది.

ఆ పదమూడో రోజు సాయంత్రం మామ పంపు భుజాన వేసుకొని వచ్చాడు.

"చెట్టంత ఒడిసింది. మందు కొడత, పక్కకు జరుగుండ్రి" అన్నాడు.

అత్త చెట్టుకు అడ్డం నిలబడింది.

"కొట్టద్దు."

"ఏటా నువ్వే గదా కొట్టేది?"

"అప్పుడు నాకు తెల్వదు. ఇప్పుడు తెలిసింది. ఈ ఆకు మన పిల్ల తింటది. ఆకు మళ్ల వస్తది. ఇగో, చదువు" అని నోటుబుక్కు ముందర పెట్టింది.

మామ నోటుబుక్కు చూశాడు. పంక్తులు వంకరగా ఉన్నాయి. కాని రోజులు తప్పలేదు. ఆయన పంపు దించి గోడకు ఆనించాడు.

"రెండు పురుగులే గదా. తిననీ" అన్నాడు.

18వ రోజు. పురుగు పుల్లకు కట్టుకుంది. తింటలేదు.
19వ రోజు. తోలు విడిచింది. ప్యూపా.

రెండో పురుగు ఎటు పోయిందో కనిపించలేదు. ఒక్కటే మిగిలింది. మనుమరాలు రోజూ పొద్దున లేవగానే పోయి చూసేది. ముట్టుకోవద్దని ఆ పిల్లే అందరికీ చెప్పేది.

29వ రోజు పొద్దున తొడుగు పగిలింది. తడి రెక్కల సీతాకోక పుల్లకు వేలాడింది. ఇంట్లో అందరూ వచ్చి నిలబడ్డారు. కోడలు ఫోను అత్త చేతికి ఇచ్చింది.

"ఈ ఫోటో నువ్వే తియ్యి అత్తమ్మా."

అత్త ఎప్పుడూ ఫోటో తీయలేదు. చెయ్యి వణికింది. మొదటి మూడు ఫోటోలు మసకగా వచ్చాయి. నాలుగోది తేటగా వచ్చింది. కొంతసేపటికి రెక్కలు ఆరాయి. సీతాకోక ఒకసారి రెక్కలు ఆడించింది. గోడ దాటి పోయింది.

వారం లోపల చెట్టు మళ్లీ చిగురు వేసింది. ఆ ఆకు తెంపి అత్త చారులో వేసింది.

నోటుబుక్కులో చివరి పంక్తి ఇది.

29వ రోజు. మా చెట్టు సీతాకోక ఎగిరింది. ఫోటో నేనే తీసిన.

చదివి చెప్పండి

1. సీతాకోక బతుకులో నాలుగు దశలు ఏవి?
2. అత్త కన్నడ బోర్డును ఎట్లా చదవగలిగింది?
3. సీతాకోకల ఇంటి కప్పు వెలుతురు వచ్చేటట్టు ఎందుకు కట్టారు?
4. రెక్కలు తడిగా ఉన్నప్పుడు సీతాకోకను ముట్టుకుంటే ఏమవుతుంది?

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో పెరటి చెట్లకు ఏ మందు చల్లుతారు? ఆ ఆకు ఎవరు తింటారు?
2. మందు డబ్బా మీ ఇంట్లో ఎక్కడ పెడతారు? పిల్లలకు అందుతుందా?
3. మామ స్థానంలో మీ ఇంటివారు ఉంటే ఏమనేవారు? మీరు ఏం చెప్పేవారు?

చేసి చూడండి

1. మీ ఇంట్లో ఉన్న మందు డబ్బా మీద గుర్తు ఏ రంగులో ఉందో చూసి రాయండి. చూసినాక సబ్బుతో చేతులు కడుక్కోండి.
2. కల్యామాకు, నిమ్మ, జిల్లేడు, గన్నేరు. వీటిలో ఒక చెట్టును ఎంచుకోండి. దాని మీద ఏమేమి కనిపిస్తుందో నెల రోజులు రాయండి. ఫోను ఉంటే ఫోటో తీయండి.
3. లేత మొక్కకు నాలుగే ఆకులు ఉంటే పురుగును పుల్లతో తీసి అదే రకం పెద్ద చెట్టు మీద వదలండి.

కొత్త మాటలు

దశ: బతుకులో ఒక భాగం
ప్యూపా: పురుగు సీతాకోకగా మారేటప్పుడు ఉండే గట్టి తొడుగు
లిపి: భాషను రాసే అక్షరాలు
పొలుసు: చేప ఒంటి మీద ఉన్నట్టు ఉండే సన్నని రేకు
మోతాదు: వాడవలసిన కొలత